ఏడు గుర్తుల రైఫిలు

పోయిన వేసవిలో మా పైఅధికారులకు పాత ఆయుధాల మీద ప్రేమ పుట్టింది. ప్రేమ పుట్టినప్పుడు మామూలు మనుషులు ఏం చేస్తారోగాని, మా శాఖలో సర్క్యులర్ తీస్తారు. ప్రతి జిల్లా సాయుధ పోలీసు కార్యాలయం తన ఆయుధాగారంలో మూలపడి ఉన్న పాత సైనిక రైఫిలు ఒకదాన్ని ఎంచుకోవాలి. అది ఎప్పుడు, ఎక్కడ తయారైందో గుర్తించాలి. బాగుచేసి తొంభై రోజుల్లో రాష్ట్రస్థాయి పోలీసు షూటింగ్ పోటీలకు పంపాలి. అక్కడ ‘వారసత్వ రైఫిలు’ అని కొత్త విభాగం పెట్టారట. మిగతా నాలుగు పేజీలూ మన ఘనమైన గతం గురించి.

ఆ సర్క్యులర్ మీద ముద్ర కొట్టి తారీకు వేసినవాణ్ణి నేనే. నేను ఈ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని. ఇరవై రెండేళ్లుగా ఆయుధాల స్టాకు రిజిస్టరు నా చేతిమీదుగా నడుస్తోంది. రైఫిలు ఎలా పట్టుకోవాలో నాకు ఈనాటికీ సరిగ్గా తెలియదు. ఏ రైఫిలు ఏ పేజీలో ఉందో మాత్రం చూడకుండా చెబుతాను. నా దృష్టిలో పేజీలో ఉన్నదే రైఫిలు, గదిలో ఉన్నది దాని నకలు.

గదిలో ఉన్నవాటిని చూసుకునేది సన్యాసిరావు. హెడ్ కానిస్టేబులు, మా ఆర్మరరు, అంటే తుపాకులు విప్పి బాగుచేసి బిగించే మనిషి. ముప్ఫై ఆరేళ్ల సర్వీసు, ఇంకో నాలుగు నెలల్లో రిటైర్మెంటు. నోట్లో నాలుక లేనివాడు. చేతులకు ఎప్పుడూ నూనె వాసన. అతను బాగుచేసిన రైఫిళ్లన్నీ జాతరలకూ ఎన్నికలకూ బందోబస్తుకు పోయి, భుజాన వేలాడి, అలాగే తిరిగి వచ్చేవి. సర్క్యులర్ చదివి వినిపిస్తే సన్యాసిరావు ముఖం వెలిగిపోయింది.

“నా సర్వీసులో ఒక్క రైఫిలు, ఒకే ఒక్కటి, పదిమంది ముందర సరిగ్గా పేలితే సూసి ఇంటికెల్లిపోతాను బాబూ” అన్నాడు నాతో.

మర్నాడే వెనక గదిలో విరిగిన లాఠీలూ చిరిగిన వెదురు డాళ్లూ తొలగించి, వాటి అడుగునుంచి ఒక వస్తువు బయటికి లాగాడు. దాన్ని రైఫిలు అనడానికి ధైర్యం కావాలి. చెక్క సగం చెదలు తినేసింది. ఇనుము ఎక్కడ అయిపోయి తుప్పు ఎక్కడ మొదలైందో చెప్పలేం. గొట్టం నోట్లో కందిరీగ మట్టిగూడు కట్టుకుంది. సన్యాసిరావు దాన్ని రెండు చేతులా ఎత్తుకుని ఆయుధాగారంలోకి తీసుకుపోయాడు.

అతనికి సాయంగా నీలవేణి చేరింది. కానిస్టేబులు, జిల్లాలో అందరికంటే గురి ఉన్న పిల్ల, పోటీలో ఈ రైఫిలు పట్టవలసిన మనిషి. పొద్దున పరేడు కాగానే ఇద్దరూ పనిలో కూర్చునేవాళ్లు. వారం రోజులు కిరసనాయిల్లో నానబెట్టి, మెత్తటి ఇత్తడి తీగతో తుప్పు వదలగొట్టారు. లోపల గడ్డకట్టిన సైనికకాలపు గ్రీజు కరగడానికి మెస్సులో అన్నం వండే గుండిగ తీసుకుపోయి నీళ్లు మరిగించారు. వంటవాడు నాకు లిఖితపూర్వకంగా ఫిర్యాదు చేశాడు, ఫైలు చేశాను. పన్నెండో రోజున, తూటాని గొట్టంలోకి తోసే బోల్టు పిడి వెనక ఒక నంబరు కనబడింది. అదే నంబరు బాడీ మీద కనబడింది. అదే నంబరు గొట్టం మొదట్లో కూడా. మూడుచోట్లా ఒకటే నంబరు ఉందంటే, ఇది ముక్కలు ముక్కలు అతికిన రైఫిలు కాదని, పుట్టినప్పటి భాగాలతోనే ఉందని అర్థమట. కిరీటం ముద్ర కింద 1943 అని ఉంది. రెండో ప్రపంచయుద్ధం మధ్యలో పుట్టిన త్రీనాట్‌త్రీ.

ఆ రోజు సన్యాసిరావు నన్ను చెయ్యిపట్టుకుని తీసుకుపోయి, శుభ్రం చేసిన గొట్టాన్ని ఆకాశం వైపు ఎత్తి లోపలికి చూడమన్నాడు. మెలితిరిగిన గీతలు నీటిలా మెరుస్తున్నాయి. బాగుంది అన్నాను. నిజంగానే బాగుంది.

తరవాత పగిలిన చెక్కకి చీల వేసి అతికాడు. చెదలు తిన్నంత మేరా కోసేసి టేకుముక్క పొదిగాడు. విడిభాగాల పెట్టెలోంచి గురిచూసే వెనక పలక తెచ్చి బిగించాడు. తొమ్మిది రోజులు చెక్కకి అవిసె నూనె పట్టించాడు. నలభై రెండో రోజున, కాల్చి చూసుకోవడానికి పది తూటాలు కావాలని నాకు ఇండెంటు పెట్టాడు.

ఇక్కడే నేను నా పని నేను చేశాను.

పనికిరాని రైఫిలుకి తూటాలు ఇవ్వరు. ఇవ్వాలంటే అది పనికొచ్చేదిగా మారినట్టు రిజిస్టరులో రాయాలి. రాయాలంటే ముందు ఇది అదేనని రుజువు కావాలి. పేజీ తీశాను. 1968లో ఎవరో శ్రద్ధగల ఉద్యోగి, గుండ్రటి చేతిరాతతో, ఆ రైఫిలుకి ఏడు గుర్తింపు చిహ్నాలు రాసిపెట్టి ఉంచాడు. నంబరు తుప్పు వలన కానరాదు. బోల్టు బిగుసుకుపోయినది. చెక్కకు కుడివైపు నాలుగంగుళముల పగులు కలదు. ముందుభాగము చెదలు తిన్నది. వెనుక గురిపలక లేదు. గొట్టములో కందిరీగ గూడు కలదు. బరువు పదకొండు పౌండ్లు.

నేను రైఫిలు దగ్గరికి వెళ్లి ఒక్కొక్కటే చూశాను. ఏడింటిలో ఒక్కటీ లేదు. నోటు రాసి డీఎస్పీ మార్కండేయులుగారికి పెట్టాను.

మార్కండేయులుగారు నియమం తప్పని మనిషి. ఇంట్లో కూరలో ఉప్పు ఎక్కువైనా ‘పరిశీలించవలసిన విషయము’ అంటారని చెప్పుకుంటారు. ఎడమవైపు రిజిస్టరు, కుడివైపు రైఫిలు పెట్టించుకుని అద్దాలు తుడుచుకున్నారు. సన్యాసిరావు సంతోషంగా ముందుకొచ్చి నంబరు మూడుచోట్లా చూపించాడు.

“రిజిస్టరు ప్రకారం నంబరు కానరాదు” అన్నారు డీఎస్పీగారు. “సదరు రైఫిలుకు మూడుచోట్ల కానవచ్చుచున్నది. ఒకచోట కనిపిస్తే అనుమానించేవాణ్ణి. మూడుచోట్ల కనిపిస్తోంది కనుక అనుమానానికి తావులేదు. ఇది అది కాదు.”

అయితే అది ఏది అన్న ప్రశ్న వచ్చింది. సన్యాసిరావుకి మెమో తయారుచేశాను. ప్రభుత్వమునకు చెందిన పనికిరాని రైఫిలు ఒకటి మీ ఆధీనమునుండి అదృశ్యమగుటకు కారణములు తెలుపవలెను. ఈ రైఫిలు ఎనిమిదిన్నర పౌండ్లే తూగింది కనుక, ఒకవేళ అది ఇదే అయిన పక్షమున, రెండున్నర పౌండ్ల ప్రభుత్వ తుప్పు, మట్టి ఏమైనవో కూడా తెలుపవలెను. ముప్ఫై ఆరేళ్లలో అతను అందుకున్న మొదటి మెమో అది. నిలబడే చదువుకుని, జవాబులో ఒకే వాక్యం రాసిచ్చాడు: అది ఇదేనండి, నేనే బాగుచేశాను. డీఎస్పీగారు దానికింద ఎర్రసిరాతో రాశారు: ఏడు గుర్తింపు చిహ్నములను స్వహస్తములతో నాశనము చేసినట్లు ఒప్పుకొనినారు.

గుర్తుకొక్కరు చొప్పున ఏడుగురితో కమిటీ వేశారు. బరువు సంగతి తేల్చడానికి తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు, పగులుకి ఒక ప్రభుత్వ వడ్రంగి, చెదలకీ కందిరీగకీ వ్యవసాయ కళాశాలనుంచి ఇద్దరు లెక్చరర్లు వచ్చారు. మిగతా ముగ్గురూ మా ఇన్‌స్పెక్టర్లే. ముందు గాలింపు జరిగింది. పోలీసు కుక్కకి వాసన చూపించడానికి పోయిన రైఫిలు లేదు కనుక రిజిస్టరులో ఆ పేజీ చూపించారు. అది శ్రద్ధగా వాసన చూసి, ఆఫీసు చుట్టూ మూడుసార్లు తిరిగి, వచ్చి నా కుర్చీ పక్కన కూర్చుంది. నేను లేచి వేరే కుర్చీలో కూర్చున్నాను.

రైఫిలు దొరకలేదు. అప్పుడు కమిటీ రెండోమార్గం సూచించింది. సన్యాసిరావు చెబుతున్నది నిజమే అనుకుందాం. అలాంటప్పుడు ఈ రైఫిలుకి ఆ ఏడు గుర్తులూ తిరిగి కల్పిస్తే గుర్తుపట్టవచ్చు, గుర్తుపట్టాక పోటీకి పంపవచ్చు. దీనికి ‘పూర్వస్థితి పునరుద్ధరణ’ అని పేరు పెట్టారు. సన్యాసిరావు బతిమాలాడు. పనికిరాకుండా చేశాక పోటీలో ఎలా పేలుతుందండి అని అడిగాడు. అది షూటింగ్ విభాగం చూసుకుంటుందన్నారు.

సుత్తి వాడకూడదు, సహజంగా పాడవ్వాలి అన్నది నియమం. పరేడు గ్రౌండు వెనకున్న పుట్ట పక్కన స్టూలు వేసి, దానిమీద రైఫిలు పడుకోబెట్టి, సెంట్రీని కాపలా పెట్టారు. పదకొండు రోజులు చూశారు. చెదలు స్టూలు తినేశాయి. అవిసె నూనె తాగిన చెక్కని ఒక్క చెదపురుగూ ముట్టలేదు. చెదలు సైతము సదరు రైఫిలును తమదిగా గుర్తించలేదు అని కమిటీ రాసుకుంది. కందిరీగ కోసం వరండాలో గొట్టం తెరిచిపెడితే, ఒకటి వచ్చి లోపలికి తొంగిచూసి, పోయి చిలక్కొయ్యకున్న డీఎస్పీగారి టోపీలో గూడు కట్టింది. కీటకాలకు కాలపరిమితి విధించే అధికారం తమకు లేదని లెక్చరరుగారు సంతకం చేసి ఇచ్చారు.

అప్పటికి పోటీలు ఇరవై రోజుల్లోకి వచ్చేశాయి. సన్యాసిరావు చిక్కిపోయాడు. ఆ పదకొండు రోజులూ పుట్ట దగ్గరే సెంట్రీ పక్కన నిలబడి, చెదపురుగులు స్టూలెక్కినప్పుడల్లా ఊపిరి బిగబట్టుకునేవాడు.

ఉపాయం చెప్పింది నీలవేణి. నా బల్లముందే చెప్పింది కనుక నేను విన్నాను.

“బాబాయ్, ఆళ్లకి కావలసింది రైఫిలు కాదు. ఏడు గుర్తులు కావాల. గుర్తులు ఇచ్చీసి, రైఫిలు మనం ఉంచీసుకుందాం.”

సన్యాసిరావు రెండు రోజులు సెలవు పెట్టాడు. మెస్సు వెనక చెదపట్టిన సరుగుడు దుంగ ఒకటి, చెడిపోయిన చేతిపంపు గొట్టం ఒకటి సంపాదించాడు. దుంగని చెక్కి, గొట్టం బిగించి, బోల్టు ఉండాల్సిన చోట తుప్పుపట్టిన తలుపు గడియ పెట్టాడు. టేపుతో కొలిచి కుడివైపు నాలుగంగుళాల పగులు తెప్పించాడు. గోడమీది కందిరీగ గూడు జాగ్రత్తగా ఊడదీసి గొట్టంలో కూర్చాడు. బరువు చాలకపోతే మట్టి కూరి పదకొండు పౌండ్లు చేశాడు. అంత మంచి పనివాడు కనుక అది కూడా మనసుపెట్టి చేశాడు. దాన్ని వెనక గదిలో డాళ్ల కింద పెట్టి వచ్చాడు.

మర్నాడు మళ్లీ గాలిస్తే దొరికింది. కమిటీ ఏడుగురూ దాన్ని బల్లమీద పెట్టి గుర్తులు చూశారు. కొలతల ఇన్‌స్పెక్టరు పదకొండు పౌండ్లు, ఒక్క గురిగింజ తేడా లేదన్నాడు. చెదల లెక్చరరు చెదలు ప్రాంతీయమైనవేనని ధ్రువీకరించాడు. వడ్రంగి మాత్రం, ట్రిగ్గరు లేదు కదండీ అని నసిగాడు. ట్రిగ్గరు ఉన్నట్టు రిజిస్టరులో ఎక్కడుందో చూపించమన్నారు డీఎస్పీగారు. వడ్రంగి సంతకం పెట్టాడు.

ఏడుకి ఏడు. నా సర్వీసులో ఏ వస్తువూ రిజిస్టరుతో అంత చక్కగా సరిపోలేదు. మార్కండేయులుగారి కళ్లు చెమర్చాయి. ఇదీ వారసత్వమంటే అన్నారు. ఆఫీసు ముందు హాల్లో అద్దాల బీరువా పెట్టించి, అందులో ఎర్రగుడ్డ పరిచి, నాలుగు గంటలకొకసారి మారే సెంట్రీని నిలబెట్టించారు. పోటీలకి దీన్ని పంపితే దారిలో గుర్తులు చెడతాయి కనుక ఫోటో పంపితే చాలన్నారు.

ఆ సాయంత్రమే సన్యాసిరావు తల దువ్వుకుని, పది తూటాల ఇండెంటు మళ్లీ పట్టుకొచ్చాడు. నీలవేణి వెనకే ఉంది. మీ రైఫిలు మీకు దొరికింది కదండి, ఇక దీన్ని మేము పోటీకి తీసుకుపోతామండి అన్నాడు.

డీఎస్పీగారు ఇండెంటు చూసి, రైఫిలు చూసి, నావైపు తిరిగారు. దీని పేజీ ఎంత అని అడిగారు.

రిజిస్టరులో పాత రైఫిలు ఒక్కటే. ఆ ఒక్కటీ బీరువాలో ఉంది. దీనికి పేజీ లేదని చెప్పాను. నాకు వేరే మాట తోచలేదు.

“అంటే పోలీసు ఆవరణలో, ఎక్కడినుంచి వచ్చిందో తెలియని సైనిక ఆయుధము” అన్నారాయన నెమ్మదిగా. అలాంటివాటికి మా శాఖలో పద్ధతి ఉంది. కమిటీ ముందు కాల్చి చూస్తారు. పేలితే అది ఆయుధమని రుజువైనట్టు, ప్రమాదకరం కనుక మూడు ముక్కలుగా కోసేస్తారు. పేలకపోతే ఆయుధం కాదు, ఇనుప సామాను కింద ఎవరికైనా ఇచ్చేయవచ్చు.

సన్యాసిరావు అప్పుడు నిజం చెప్పేశాడు.

“ఆ బీరువాలోది రైఫిలు కాదండి. సరుగుడు కర్రండి, బోరింగు గొట్టమండి. నా సేతుల్తో నేను సేసినానండి. అసలుది ఇదేనండి, దీన్ని ఒగ్గీయండి.”

మార్కండేయులుగారు కోప్పడలేదు. మెల్లగా లేచి వచ్చి అతన్ని కుర్చీలో కూర్చోబెట్టారు.

“సన్యాసిరావుగారూ, ఏడుగురు నిపుణులు ఏకగ్రీవముగా గుర్తించిన రైఫిలును ఒక్కరి మాటమీద కర్ర అనుటకు వీలులేదు. ఉద్యోగ విరమణ దగ్గరపడినప్పుడు మనసు ఇలాగే అవుతుంది. డాక్టరుకు చూపించండి.”

అతని మాటలు నమోదు చెయ్యవద్దని నాకు చెప్పారు. నేను చెయ్యలేదు.

ఆఫీసు మూసేవేళ నేను ఆయుధాగారానికి వెళ్లాను. సన్యాసిరావు రైఫిలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నియమానికి విరుద్ధమైన మాట ఒకటి చెప్పాను. తూటా వెనక కొట్టే ఆ సన్నపిన్ను ఒక్కటి తీసేసి బిగిస్తే రైఫిలు పేలదు. పేలకపోతే కొయ్యరు. ఇనుప సామాను కింద నీకే ఇప్పిస్తాను, రిటైరయ్యాక పిన్ను వేసుకుని ఇంట్లో దాచుకో అన్నాను. సన్యాసిరావు బోల్టుని వేలితో నిమిరాడు. సూద్దాం బాబూ అన్నాడు.

మర్నాడు పొద్దున ఫైరింగ్ రేంజిలో షామియానా వేశారు. కమిటీ ఏడుగురూ, డీఎస్పీగారూ, నేనూ, పోగైన కానిస్టేబుళ్లూ. వంద గజాల దూరాన బోర్డు. రైఫిలు కాల్చడానికి నీలవేణిని పిలిచారు. నియమం ప్రకారం ఐదు తూటాలు. ఆ పిల్ల పడుకుని, రైఫిలు భుజానికి ఆనించి, ఒకసారి సన్యాసిరావు వైపు చూసింది. అతను తల ఊపాడు. ఏ సంగతికి తల ఊపాడో నాకు తెలియదు. పేలకూడదని నేను ఉన్న దేవుళ్లందరికీ మొక్కుకున్నాను.

పేలింది. ఐదుకి ఐదూ పేలాయి. బోల్టు వెన్నలా కదిలింది. ఒక్క తూటా తన్నలేదు, ఇరుక్కోలేదు. బోర్డు తెచ్చి చూపిస్తే, ఐదు చిల్లులూ అరచేతితో కప్పెయ్యవచ్చు. డెబ్భై ఏళ్లు దాటిన రైఫిలు, విరిగిన లాఠీల కింద పడి ఉన్నది, అలా కాల్చింది. కానిస్టేబుళ్లు చప్పట్లు కొట్టారు. కమిటీలో కూడా ఇద్దరు కొట్టబోయి మానుకున్నారు. సన్యాసిరావు చేతులు కట్టుకుని నిలబడి ఆ బోర్డు వైపే చూస్తున్నాడు. ఆ మనిషి ముఖంలో అంత సంతోషం నేను మళ్లీ చూడలేదు.

పిన్ను ఎందుకు తియ్యలేదని నేను గొంతు తగ్గించి అడిగాను. కోపంగానే అడిగాను.

“పదిమందీ సూస్తన్నారు బాబూ” అన్నాడు.

సంపూర్ణముగా పనిచేయుచున్నది, కావున ప్రమాదకరము అని డీఎస్పీగారు చెప్పగా రాసుకున్నాను. కొయ్యడానికి అర్హుడైన సాంకేతిక ఉద్యోగి ఎవరని చూస్తే, ఆర్మరరు. సన్యాసిరావు వెంటనే రంపం పట్టలేదు. ముందు రైఫిలు విప్పి, గొట్టంలో వేడినీళ్లు పోసి, గుడ్డ లాగి, నూనె పెట్టాడు. అరగంట పట్టింది. కోసేదాన్ని తుడవడం దేనికని కొలతల ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటూ అడిగాడు. కాల్చిన రైఫిల్ని తుడవకుండా ఎప్పుడూ ఒగ్గీలేదండి అన్నాడు అతను.

తరవాత కోశాడు. గొట్టం మంచి ఉక్కు కావడంతో రెండు బ్లేడ్లు విరిగాయి. నీలవేణి మొదటి ముక్క పడకముందే వెళ్లిపోయింది. మూడో ముక్క విడిపోయినప్పుడు సన్యాసిరావు కళ్లవెంట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవడానికి చేతులు ఖాళీలేవు. మార్కండేయులుగారిది జాలిగుండె. చూడలేకపోయారు. దగ్గరికి వచ్చి భుజమ్మీద చెయ్యివేశారు.

“ఊరుకోండి. మీ రైఫిలు భద్రంగా బీరువాలోనే ఉంది కదా.”

సన్యాసిరావు చిత్తం అన్నాడు. నేను విధ్వంస ధ్రువపత్రం అతని ముందు పెట్టి ఎక్కడ సంతకం చెయ్యాలో చూపించాను. చేశాడు. చేతికి నూనె ఉండటంతో కాగితం మీద బొటనవేలంత మరక పడింది. మరకపడిన పత్రం చెల్లదు. ఇంకో ప్రతి తీసి, అతని చెయ్యి నేనే గుడ్డతో తుడిచి, మళ్లీ సంతకం చేయించాను.